మూత లోపలి తేదీలు

మూత విప్పగానే ముందు తేదీలు చూస్తాను.
రీలు బాగుచేసిన ప్రతివాళ్ళూ
లోపలి వైపు సూదిమొనతో గీసి వదిలే అంకెలు.
డెబ్భై నాలుగు: మా మామగారి చెయ్యి,
ఏడుకి నడుం మీద అడ్డగీత.
ఎనభై ఒకటి: అమాండియు. అప్పటికి మాకింకా పెళ్ళి కాలేదు.
తొంభై ఎనిమిది జులై: భూమి కదిలిన నెల,
కొట్టుకి సగం పైకప్పు లేదు,
గొడుగు కింద కూర్చుని నేను గీసిన ఎనిమిది
ఇప్పటికీ వంకరగానే ఉంది.
తర్వాత రెండువేల తొమ్మిది.
ఆ తర్వాత ఏమీ లేదు.

బల్లకి అవతల నిలబడి నొర్బెర్తు
"ఇంకెన్నేళ్ళు వస్తుంది, దోనా జుల్మీరా?" అన్నాడు.
హోర్తా రేవులో అందరూ అడిగేదే.
ఇసుకనడుగు, అన్నాను.
ఉప్పుకి ఓర్పెక్కువ,
పండగపూట కూడా పని మానదు.
ఇసుకకి తొందరెక్కువ, ఒక్క రేణువు చాలు,
ఇత్తడి పంటిని పంటి మీద కూర్చోనివ్వదు.
ఈ రెండింటికీ అన్న మనిషి.
పడవ దిగగానే తన దాహం గుర్తొస్తుంది గానీ
రీలుకీ గుక్కెడు మంచినీళ్ళు పొయ్యాలని గుర్తురాదు.

మాట్లాడుతూనే విప్పుకుంటూ పోయాను.
పదకొండేళ్ళు మూత తెరవని రీల్లో
గ్రీజు ముదురు పాకంలా బిగుసుకోవాలి.
స్ప్రింగు తుప్పుపట్టి పొడి రాలాలి.
అవేవీ లేవు.
వేలికి పలచటి నూనె తగిలింది.
వాసన చూశాను.
కుట్టుమిషను నూనె!
ఎతెల్వీనా పనే ఇది.
ఊళ్ళో సగం పెళ్ళిగౌన్లు కుట్టిన మనిషి
పక్కనున్న చిన్న చిల్లులోంచి
చుక్క చుక్కగా పోస్తూ వచ్చింది.

పరిగెత్తే తాడుని నిలదొక్కి ఆపే తోలుబిళ్ళలు
నేను వేసినవి వేసినట్టున్నాయి.
అంటే ఇన్నాళ్ళూ ఒక్క చేపా దీన్ని లాగలేదు.
మరి నాలుక?
తిరిగినప్పుడల్లా టిక్కుమనే ఇనుప నాలుక
అరిగి అరిగి
ఆఖరి రోజు సబ్బుబిళ్ళలా మిగిలింది.
చేపల్లేకుండా
ఎవరితో మాట్లాడింది ఇంతగా?

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను.

అతను గుమ్మంలోంచి పీకు కొండవైపు చూశాడు.
ఆ పూట కొండకి మబ్బు తలపాగా.
"నాన్నకి కుడిపక్క పడిపోయింది కదా,
మాటా దాంతోనే పోయింది.
అమ్మ దీన్ని మంచం పట్టెకి బిగించింది.
ఒక టిక్కంటే నీళ్ళు.
రెండంటే కిటికీ తెరవమని.
ఊరికే తిప్పుతూ పోతే
ఏమీ తోచడం లేదని.
రాత్రుళ్ళు నిద్రుండేది కాదు మాకు.
విసుక్కునేవాళ్ళం."
కాసేపాగి, "నేనే, ఎక్కువగా" అన్నాడు.

చక్రాన్ని కిరసనాయిల్లో కడిగాను,
అక్కర్లేకపోయినా ఇంకోసారి కడిగాను.
పళ్ళన్నీ ఒకవైపే అరిగాయి.
వెనక్కి తిప్పడం తెలీని ఎడంచెయ్యి.

"నాలుక ఉంచమంటే ఇంకో ఏడాది ఈడుస్తుంది,
మారిస్తే గొంతు మారిపోతుంది" అన్నాను.
"మార్చెయ్యండి. శనివారం పడవుంది."

మనసు చివుక్కుమంది.
గాస్పర్ అయినా ఇదే అనేవాడని తర్వాత తోచింది.
ట్యూనా తగిలే రోజుల్లో
ఈ కొడుకు జ్ఞానస్నానానికే రాని మనిషి.

కొత్త నాలుక బిగించాను.
తోలుబిళ్ళలకి నూనె పట్టించాను,
వంకర ఎనిమిది కింద ఇవాళ్టి తేదీ గీశాను,
మూత మూసి చేతికిచ్చాను.
ఒకసారి తిప్పాడు.
కొత్త కోడలు పిలిచినట్టు
కాస్త గట్టిగా, కాస్త బెరుగ్గా పలికింది.
ఆగాడు.
రెండుసార్లు తిప్పాడు.

లేచి వెళ్ళి కిటికీ తెరిచాను.

పాత నాలుక బల్లమీదే వదిలేసి వెళ్ళాడు.
సూదుల డబ్బాలో వేశాను, దేనికో తెలీదు.
సోమవారం పొద్దున్నే మళ్ళీ వచ్చాడు,
చేతిలో కాగితం పొట్లం, పొట్లంలో చేప,
రీలు నిండా ఇసుక.
నోటికొచ్చినట్టు తిట్టాను.